సరస్సు నడుమ రాజ్యం: మెషీకాల పాలన, నీరు, కప్పం

1428లో తమపై పెత్తనం చేస్తున్న అస్కపోత్సాల్కో నగరాన్ని ఓడించిన తర్వాత మెక్సికో లోయలోని మెషీకాల (అజ్తెక్‌ల) రాజు ఇత్స్‌కోవాత్ల్ తన కొలువులోని పెద్దలతో ఆలోచించి పాత చిత్రలిపి గ్రంథాలను తగలబెట్టించాడు. వాటిలో అబద్ధాలు ఎక్కువగా ఉన్నాయనీ, అవి అందరికీ తెలియడం రాజ్యానికి క్షేమం కాదనీ ఆనాటి పాలకులు భావించినట్లు, సుమారు నూట యాభై ఏళ్ళ తర్వాత ఆ జాతి పెద్దలు చెప్పిన మాటలు లిఖితరూపంలో మిగిలాయి. మెక్సికో లోయ చరిత్రను చెరిపి తిరగరాసింది స్పెయిన్ వారే అనుకోవడం పరిపాటి. అయితే ఆ పనిని వారికంటే ముందు మెషీకా పాలకులే మొదలుపెట్టారు. ఈ రాజ్యం ఎలా నిలబడింది, ఎందుకు అంత వేగంగా కూలింది అన్న ప్రశ్నలకు జవాబు వెతకాలంటే, గెలిచిన రాజు తన గతాన్ని ఎందుకు మార్చి చెప్పుకోవలసి వచ్చిందో ముందు గమనించాలి.

ప్రపంచం వీరిని అజ్తెక్‌లని పిలవడం 19వ శతాబ్దంలో స్థిరపడిన అలవాటు. వారు తమను మెషీకాలమనే చెప్పుకున్నారు. మెక్సికో దేశం పేరు కూడా వారి నుంచి వచ్చినదే. వారి కథనం ప్రకారం ఉత్తరాన అస్త్లాన్ అనే నీటి మధ్యనున్న చోటు నుంచి బయలుదేరి, తమ కులదైవం విత్సిలోపోచ్‌త్లి చూపిన దారిలో తరాల తరబడి నడిచి, 13వ శతాబ్దంలో మెక్సికో లోయకు చేరారు. అప్పటికే ఆ లోయ నిండా పాత నగరరాజ్యాలున్నాయి, మంచి నేలలన్నిటికీ యజమానులున్నారు. చపుల్తెపెక్ గుట్ట నుంచి వీరిని తరిమివేశారు. కుల్వాకాన్ రాజు పాములు తిరిగే రాతినేలలో ఉండమన్నాడు. చివరకు సరస్సు నడుమనున్న చిత్తడి దిబ్బ మీద, నాగజెముడు వంటి మొక్కపై వాలిన గద్దను దైవసూచనగా భావించి, సంప్రదాయం చెప్పే లెక్కన 1325లో తెనోచ్‌తిత్లాన్‌ను స్థాపించారు. ఆ తర్వాత వంద సంవత్సరాలు వారు అస్కపోత్సాల్కోను ఏలిన తెపనెక్ రాజులకు కప్పం కడుతూ, వారి యుద్ధాల్లో సైనికులుగా పనిచేస్తూ బతికారు. ఇది ఒక సామంతజాతి చరిత్ర. ఇందులో గర్వంగా చాటుకోగలిగినది తక్కువ.

తెపనెక్ రాజు తెసోసోమోక్ 1426లో మరణించగా, అతని కుమారుల మధ్య వారసత్వ తగాదా వచ్చింది. ఆ అదను చూసి ఇత్స్‌కోవాత్ల్, తెష్కోకో రాకుమారుడు నెసావాల్‌కోయోత్ల్ చేతులు కలిపారు. త్లాకోపాన్ నగరం కూడా వారితో చేరింది. ఈ మూడు నగరాల కూటమినే తర్వాతి కాలం సామ్రాజ్యం అన్నది. కప్పంగా వచ్చిన సొమ్ములో తెనోచ్‌తిత్లాన్‌కు రెండు వంతులు, తెష్కోకోకు రెండు వంతులు, త్లాకోపాన్‌కు ఒక వంతు చెందాలని ఏర్పాటు చేసుకున్నారు. కాలక్రమంలో మెషీకాలదే పైచేయి అయింది.

ఆ విజయానికి సంబంధించి ఒక కథ మిగిలింది. యుద్ధానికి ముందు సామాన్యులు భయపడి లొంగిపోదామన్నారట. అప్పుడు కులీనులు, ఓడితే తమను ముక్కలు చేసి తినమని, గెలిస్తే మాత్రం సామాన్యులు తరతరాలుగా తమకు ఊడిగం చేయాలని ఒప్పందం చేసుకున్నారట. యుద్ధం ముగిశాక పట్టుబడిన భూముల్లో అధికభాగం రాజుకూ, ఆయన సలహాదారు త్లాకాయెలెల్‌కూ, పరాక్రమం చూపిన కులీన యోధులకూ చేరింది. కల్‌పుల్లి అనే పేటల సముదాయాలకు, అంటే సాధారణ రైతు కుటుంబాలకు, దక్కినది స్వల్పం. ఒప్పందం నిజంగా జరిగిందా లేదా అన్నదానికంటే, అలాంటి కథ ఎవరికి అవసరమైందన్నది ముఖ్యమైన ప్రశ్న. కొత్తగా భూస్వాములైన వర్గానికి తమ హక్కు పాతదనీ, జనం ఒప్పుకుని ఇచ్చినదనీ చెప్పే చరిత్ర కావాలి. పాత గ్రంథాలను కాల్చడం, కొత్త కథను అల్లడం ఒకే పనిలోని రెండు భాగాలుగా కనిపిస్తాయి.

ఆ రాజ్యం నిలబడిన నేల గురించి వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మెషీకాల అసలు ప్రతిభ ఇక్కడే కనిపిస్తుంది. సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున, చుట్టూ కొండలున్న ఆ లోయకు సహజంగా నీరు బయటకు పోయే దారి లేదు. ఒకదానితో ఒకటి కలిసిన ఐదు సరస్సులుండేవి. దక్షిణాన చాల్కో, సోచిమిల్కో సరస్సుల్లోకి ఊటలు పారేవి కనుక అక్కడ మంచినీరు. మధ్యలోని తెష్కోకో సరస్సు అన్నిటికంటే పల్లం. ఆ నీరు ఆవిరైపోవడమే తప్ప కదిలిపోదు కనుక ఉప్పగా ఉండేది. తెనోచ్‌తిత్లాన్ ఆ ఉప్పునీటి అంచున ఉంది. వానలు ఎక్కువైన ఏడు ఉప్పునీరు పొంగి దక్షిణపు పొలాల వైపు వచ్చి పంటను చంపేది. 15వ శతాబ్దం మధ్యలో పెద్ద వరద వచ్చిన తర్వాత నెసావాల్‌కోయోత్ల్ పర్యవేక్షణలో సరస్సుకు అడ్డంగా సుమారు 16 కిలోమీటర్ల కట్ట వేశారు. రాయి, మట్టి, కొయ్య గుంజలతో కట్టిన ఆ కరకట్ట ఉప్పునీటిని తూర్పున ఆపి, నగరం చుట్టూ మంచినీటి మడుగును నిలిపింది. తాగునీటికి చపుల్తెపెక్ ఊటల నుంచి జంట కాలువలు తెచ్చారు. ఒకదాన్ని శుభ్రం చేస్తున్నప్పుడు రెండోదానిలో నీరు పారేలా ఆ ఏర్పాటు చేయడంలోని ముందుచూపు మెచ్చుకోదగినది.

చినాంపాలను చాలామంది తేలే తోటలని రాస్తారు. అవి తేలవు. లోతు తక్కువున్న నీటిలో గుంజలు పాతి, రెల్లు అల్లి దడి కట్టి, లోపల నాచు, గడ్డి, సరస్సు అడుగు నుంచి తోడిన ఒండ్రు పొరలు పొరలుగా వేసి, నీటి మట్టానికి పైన పొడవాటి మడిగా లేపేవారు. అంచుల వెంట విల్లో జాతి చెట్లు నాటితే వాటి వేళ్ళు మట్టిని పట్టి ఉంచేవి. మడుల మధ్య కాలువలు మిగిలేవి. అవే నీటిపారుదల, అవే రవాణా మార్గాలు, అవే ఏటా కొత్త ఒండ్రునిచ్చే ఎరువు గనులు. నారును చిన్న చిన్న మట్టి ముద్దల్లో పెంచి తర్వాత మడిలోకి మార్చేవారు కనుక ఒక పంట కోతకు రాకముందే మరో పంట సిద్ధమయ్యేది. వేర్లకు తేమ ఎప్పుడూ అందుతుండడంతో వర్షాధార పొలాలకు వచ్చే కరువు వీటిని అంతగా తాకేది కాదు. 1450 తర్వాత మంచు, అనావృష్టి వరుసగా వచ్చి 1454లో ఘోర కరువుగా ముదిరి, జనం మొక్కజొన్న కోసం పిల్లలను తూర్పు తీరపు వారికి అమ్ముకున్నారని చరిత్రకారులు నమోదు చేశారు. దక్షిణ సరస్సుల్లో చినాంపాల విస్తరణ ఆ తర్వాతి దశాబ్దాల్లో రాజ్యం పూనుకుని చేసిన పనిగా కనిపించడానికి ఈ అనుభవం ఒక కారణం కావచ్చు.

రవాణా సంగతి కూడా దీనితో ముడిపడినదే. ఆ ఖండంలో ఎద్దు, గుర్రం లేవు. బరువు మోసేది మనిషి వీపే. ఒక మోతగాడు సుమారు 23 కిలోలు మోసేవాడు. అదే దోనెలో వేస్తే ఒక మనిషి దానికి ఎన్నో రెట్లు నడిపించగలడు. సరస్సు ఒడ్డున ఉన్న నగరానికి తిండి చేరే ఖర్చు మెట్ట నగరాలతో పోలిస్తే చాలా తక్కువ. లక్షన్నర నుంచి రెండు లక్షల వరకు జనాభా ఉండవచ్చని అనేక మంది పరిశోధకులు అంచనా వేసే నగరం అక్కడ సాధ్యమైనదంటే దోనెలే కారణం. అదే నీరు శత్రువుల నుంచి కూడా కాపాడింది. ఉత్తర, పశ్చిమ, దక్షిణ దిక్కుల్లో ఒడ్డుకు వేసిన కట్టదారుల మీద మధ్య మధ్య కొయ్య వంతెనలుండేవి. వాటిని తీసివేస్తే నగరం దీవిగా మిగిలేది.

ఆహారంలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, మిరప, టమాటా, తోటకూర జాతి గింజలు ముఖ్యమైనవి. మిరప, టమాటాలు రెండూ మెక్సికో ప్రాంతంలో సాగులోకి వచ్చిన మొక్కలే. 16వ శతాబ్దం నుంచి సముద్రం దాటి వచ్చి, కారం లేనిదే ముద్ద దిగని తెలుగు వంటలో కలిసిపోయాయి. మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, పొట్టు తీసి రుబ్బడం మెషీకాలకంటే ఎంతో పాతదైన మెక్సికో పద్ధతి. ఆ సున్నం గింజలోని నయాసిన్ అనే విటమిన్‌ను శరీరానికి అందేలా చేస్తుంది. ఈ పద్ధతి తెలియకుండా మొక్కజొన్న ఒక్కటే తిన్న యూరప్ పేదలు తర్వాతి శతాబ్దాల్లో పెల్లగ్రా అనే పోషకలోప వ్యాధి బారిన పడ్డారు. మెక్సికో గృహిణుల జ్ఞానాన్ని విత్తనంతో పాటు తీసుకువెళ్ళకపోవడం వల్ల కలిగిన నష్టం అది.

నీరు ఇచ్చిన తిండితో నగరం బతికింది. దాని వైభవం మాత్రం కప్పం నుంచి వచ్చింది. మెషీకాలు జయించిన ప్రాంతాన్ని సాధారణంగా తమ ఉద్యోగులతో నేరుగా పాలించలేదు. ఓడిన రాజును గాని, అతని బంధువును గాని గద్దెపై ఉంచి, నిర్ణీత కాలానికి నిర్ణీత వస్తువులు పంపాలని శాసించి, వసూలుకు ఒక అధికారిని నియమించేవారు. కొన్ని చోట్లే కోటలు, దండు ఉండేవి. 1540 ప్రాంతంలో తయారైన మెండోసా చిత్రలిపి గ్రంథంలో కప్పం చెల్లించే ప్రాంతాలు సుమారు 38 కనిపిస్తాయి. ఎవరెన్ని మూటల నూలు దుప్పట్లు, ఎన్ని యోధుల వేషాలు, ఎన్ని బస్తాల కకావో (కోకో) గింజలు, ఎన్ని కట్టల కెత్సాల్ పిట్ట ఈకలు ఇవ్వాలో అందులో బొమ్మలుగా గీసి ఉంది. ఈ పాలనా పద్ధతిలో ఖర్చు తక్కువ, రాబడి ఎక్కువ. కానీ కప్పం కట్టిన ప్రతి ఊళ్ళోనూ పాత రాజవంశం, పాత సైన్యం, పాత పగ చెక్కుచెదరకుండా మిగిలాయి.

కప్పంలో అధికభాగం బట్ట అన్న విషయంపై ఇంకా శ్రద్ధ పెట్టాలి. లోయ ఎత్తులో పత్తి పండదు. వెచ్చని పల్లపు ప్రాంతాల నుంచి పత్తి రావాలి. వడకడం, నేయడం ఆడవారి పని. నడుముకు కట్టుకునే మగ్గం మీద ఇంట్లో కూర్చుని వారు నేసిన దుప్పట్లు అంగడిలో డబ్బుగా కూడా చెల్లేవి. మెండోసా గ్రంథంలోనే తల్లి తన నాలుగేళ్ళ కూతురికి వడికే సామగ్రిని పరిచయం చేయడం, పద్నాలుగేళ్ళకు ఆ పిల్ల మగ్గంపై నేయడం బొమ్మల్లో కనిపిస్తాయి. ఏటా వేల సంఖ్యలో రాజధాని గిడ్డంగులకు చేరిన దుప్పట్లను లెక్క వేస్తే, యోధుల వీరగాథలుగా చెప్పుకునే ఈ సామ్రాజ్యం నిజానికి పల్లెల్లోని ఆడవారి కదుళ్ళపై నడిచిందని చెప్పక తప్పదు. ఒక ఊరు ఓడిపోయిందంటే అక్కడి స్త్రీలకు ఆ ఏటి నుంచి అదనపు పని మొదలైనట్లే.

1473లో తెనోచ్‌తిత్లాన్ తన పక్కనే ఉన్న సోదర నగరం త్లాతెలోల్కోను లోబరుచుకుంది. అక్కడి అంగడి ఆ ఖండంలోకెల్లా పెద్దది. రోజుకు అరవై వేల మంది వస్తారని స్పెయిన్ సేనాని కోర్తెస్ రాశాడు. అంకె కాస్త పెంచి చెప్పినదైనా, అక్కడి క్రమశిక్షణ గురించి చూసినవారందరూ ఒకే మాట చెప్పారు. ఒక్కో సరుకుకు ఒక్కో వరుస ఉండేది. తప్పు కొలతలను, దొంగసరుకును విచారించే న్యాయాధికారులు అక్కడికక్కడే కూర్చునేవారు. చిల్లర కొనుగోళ్ళకు కకావో గింజలు చెల్లేవి. పోచ్‌తెకా అనే దూరదేశ వ్యాపారుల వర్గం తమ సొంత పేటల్లో, సొంత ఆచారాలతో ఉండేది. వారు సరుకులతో పాటు శత్రుదేశాల సమాచారం కూడా తెచ్చేవారు. సంపాదన ఎంత ఉన్నా బయటకు చూపించకుండా మాసిన బట్టలతో రాత్రివేళ ఊళ్ళోకి రావడం వారి పద్ధతి. యోధ కులీనుల అసూయకు వారెంత భయపడేవారో దీన్నిబట్టి తెలుస్తుంది.

నరబలి గురించి ఇప్పుడు చెప్పాలి. మెషీకాల ప్రస్తావన రాగానే అదొక్కటే గుర్తుకు రావడం వారికి జరిగిన అన్యాయం. అది జరగలేదని కొట్టిపారేయడం కూడా నిజానికి జరిగే అన్యాయమే. 1487లో ప్రధానాలయ పునఃప్రతిష్ఠ సందర్భంగా 80,400 మందిని బలి ఇచ్చారని వలసకాలపు రాతల్లో ఉంది. ఆ అంకె ఏ లెక్కకూ అందదు. మరోవైపు 2015 నుంచి మెక్సికో నగరంలోని ప్రధానాలయం సమీపాన తవ్వకాల్లో పుర్రెల కట్టడం బయటపడింది. 2020 నాటికి 600కు పైగా పుర్రెలు గుర్తించారు. వాటిలో స్త్రీలవి, పిల్లలవి కూడా ఉన్నాయి. బలి పొందినవారందరూ యుద్ధఖైదీలైన యోధులే అన్న పాత అభిప్రాయాన్ని ఇది సవరించింది. వారి విశ్వాసంలో, దేవతలు ప్రాచీన నగరం తెవోతివాకాన్‌లో తమను తాము అగ్నికి అర్పించుకోగా సూర్యుడు పుట్టాడు. ఆ రుణం మనుషులు రక్తంతో తీర్చకపోతే సూర్యుని గమనం ఆగిపోతుంది. రాజు మొదలు సామాన్యుడి వరకు చెవులను, నాలుకను కిత్తనార ముళ్ళతో పొడుచుకుని సొంత రక్తం అర్పించడం నిత్యకృత్యం. ఈ విశ్వాసం మెసోఅమెరికా (మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం) అంతటా ఉన్నదే. మెషీకా రాజ్యం చేసినది దాన్ని రాజకీయానికి ముడిపెట్టడం. కప్పం కట్టే రాజులను, శత్రురాజులను కూడా రహస్యంగా పిలిపించి ఆ ఉత్సవాలకు ఎదుట కూర్చోబెట్టడం భక్తికంటే హెచ్చరికకు దగ్గరగా ఉంటుంది.

ఆ ప్రధానాలయం రాజ్య స్వభావాన్ని రాతిలో చూపిస్తుంది. ఒకే పిరమిడ్ పైన రెండు గుళ్ళు ఉండేవి. ఒకటి వానదేవుడు త్లాలోక్‌ది, మరొకటి యుద్ధదేవుడు విత్సిలోపోచ్‌త్లిది. పంట, కప్పం పక్కపక్కనే కొలువైనట్లు. 1978 ఫిబ్రవరిలో విద్యుత్ సంస్థ కార్మికులు తవ్వుతుండగా చంద్రదేవతగా భావించే కోయొల్‌షావ్‌కీ శిల్పం, 3 మీటర్లకు పైగా వ్యాసమున్న రాతి పలక, బయటపడింది. తమ్ముడు విత్సిలోపోచ్‌త్లి చేతిలో హతమై, కాళ్ళూ చేతులూ తెగి, గుట్ట కింద పడిన దేవత అది. ఆ శిల్పాన్ని సరిగ్గా యుద్ధదేవుని మెట్ల పాదాన అమర్చారు. తర్వాత ఎదువార్దో మాతోస్ మొక్తెసుమా నాయకత్వాన జరిగిన తవ్వకాల్లో ఆలయాన్ని ఏడు దశల్లో పెంచినట్లు తేలింది. అర్పణ గోతుల్లో రెండు సముద్రాల శంఖాలు, పగడాలు, దూరప్రాంతాల ముసుగులు దొరికాయి. వాటి మధ్య రెండు వేల ఏళ్ళకు పైగా పాతదైన, ఒల్మెక్ అనే ప్రాచీన నాగరికతకు చెందిన ముసుగు కూడా ఉంది. నిన్న మొన్నటి వలస జాతి తనను ప్రాచీన నాగరికతలకు వారసురాలిగా నిరూపించుకోవడానికి ఎంత తపించిందో ఆ చిన్న ముసుగు చెబుతుంది. గ్రంథాలను కాల్చిన చేతులే పురావస్తువులను వెతికి తెచ్చి దాచాయి.

చదువు విషయంలో వారు కాలానికి ముందున్నారు. మగపిల్లలందరూ, సామాన్యులు పేటబడికి, కులీనులు ఆలయబడికి, వెళ్ళాలి. ఆడపిల్లలకు కూడా పాటలు, నృత్యం నేర్పే ఇళ్ళుండేవి. పురుడు కూడా వారికి యుద్ధమే. బిడ్డ పుట్టగానే మంత్రసాని యుద్ధనినాదం చేసేది. పురిటిలో చనిపోయిన స్త్రీకి రణరంగంలో మరణించిన వీరునితో సమాన గౌరవం దక్కేది. 260 రోజుల పవిత్ర పంచాంగం, 365 రోజుల సంవత్సరం కలిసి తిరిగి మొదటి చోటికి రావడానికి 52 ఏళ్ళు పట్టేది. ఆ రాత్రి లోయలోని మంటలన్నీ ఆర్పి, గుట్టపై కొత్త నిప్పు రాజేసేవారు. 1507లో అలా రాజేసినదే చివరిది.

పన్నెండేళ్ళ తర్వాత కోర్తెస్ సుమారు ఐదు వందల మంది సైనికులతో తీరానికి చేరాడు. అతన్ని తిరిగివచ్చిన దేవుడు కెత్సాల్‌కోవాత్ల్ అని భ్రమపడి మెషీకా రాజు రెండవ మొతెకుసోమా రాజ్యం అప్పగించాడన్న కథ ఇప్పటికీ ప్రచారంలో ఉంది. ఓటమి తర్వాత దశాబ్దాలు గడిచాక రూపుదిద్దుకున్న వివరణ అది. ఆ కథ అవసరం లేకుండానే ఓటమి కారణాలు కనిపిస్తాయి. మెషీకాలకు ఎన్నడూ లొంగని త్లష్కాలా రాజ్యాన్ని వారు చుట్టుముట్టి, ఉప్పు, పత్తి చేరకుండా తరాల తరబడి దిగ్బంధించారు. ఆ త్లష్కాలా మొదట కోర్తెస్‌తో పోరాడి, తర్వాత లెక్క వేసుకుని అతనితో చేరింది. మెషీకాల భాష నావాత్ల్, మాయా భాష రెండూ తెలిసిన మలింత్సిన్ అనే బానిస యువతి ఆ సంప్రదింపులకు గొంతు అయింది. 1515లో తెష్కోకో రాజు మరణించినప్పుడు మెషీకాలు తమకు నచ్చిన వారసుడిని గద్దెనెక్కించారు. కోపించిన మరో రాకుమారుడు ఇష్త్లిల్‌షోచిత్ల్ 1521లో స్పెయిన్ పక్షాన నిలిచాడు. త్రికూటమిలోనే చీలిక వచ్చింది.

1520 మే నెలలో ఆలయ ప్రాంగణంలో పండుగ జరుపుకుంటున్న నిరాయుధులను కోర్తెస్ అనుచరుడు అల్వరాదో సైనికులు ఊచకోత కోయగా నగరం తిరగబడింది. జూన్ 30 రాత్రి స్పెయిన్ సేన కట్టదారిపై పారిపోతూ ఘోరంగా దెబ్బతింది. ఆ ఏటి శరదృతువులో మశూచి వచ్చింది. కొత్త రాజు క్విత్లావాక్ దానికే బలయ్యాడు. 1521 మే నుంచి ముట్టడి సాగింది. ముందు మంచినీటి కాలువను తెంచారు. త్లష్కాలాలో తయారుచేసిన కొయ్యభాగాలను మోతగాళ్ళ వీపుల మీద కొండలు దాటించి, తెష్కోకో ఒడ్డున బిగించిన 13 పడవలు సరస్సును ఆక్రమించాయి. నీరే కోట అయిన నగరానికి నీరే ఉచ్చుగా మారింది. ముట్టడించినవారిలో స్పెయిన్ వారు వెయ్యిలోపే, లోయ నలుమూలల నుంచి వచ్చిన స్థానికులు మాత్రం పదుల వేలు. చివరి రాజు క్వావ్తెమోక్ ఆగస్టు 13న పట్టుబడ్డాడు. దీన్ని కొద్దిమంది యూరోపియన్ల విజయంగా చెప్పడం సరికాదు. కప్పం కట్టిన రాజ్యాలు, కట్టడానికి నిరాకరించిన రాజ్యాలు కలిసి చేసిన తిరుగుబాటును ఒక విదేశీ దండు తన ఖాతాలో వేసుకున్నదని చెప్పడం వాస్తవానికి దగ్గర. పాత రాజవంశాలను, సైన్యాలను అలాగే ఉంచిన పాలన చెల్లించిన మూల్యం అది. త్లష్కాలా కొన్ని ప్రత్యేక హక్కులు పొందింది. మిగిలిన మిత్రులకు పాత కప్పం స్థానంలో కొత్త కప్పం, దానితో పాటు వరుస మహమ్మారులు మిగిలాయి.

1536లో త్లాతెలోల్కోలో స్థాపించిన కళాశాలలో చదివిన నావా (నావాత్ల్ మాట్లాడే) యువకులు లాటిన్, స్పానిష్ నేర్చుకుని తమ భాషను అక్షరాల్లో రాయడం మొదలుపెట్టారు. ఫ్రాన్సిస్కన్ సన్యాసి బెర్నార్దినో దె సహాగూన్ పేరుతో నిలిచిన పన్నెండు భాగాల విజ్ఞాన గ్రంథాన్ని నిజానికి ఆంతోనియో వలెరియానో, మార్తిన్ హకోబితా వంటి నావా పండితులు వృద్ధులను అడిగి, రాసి, పరిష్కరించారు. 1576లో మహమ్మారి ప్రబలినప్పుడు కూడా చిత్రకారులు పని ఆపలేదు. ఇత్స్‌కోవాత్ల్ గ్రంథదహనం గురించి తెలిసినది ఆ పుటల వల్లనే. తర్వాతి రెండు శతాబ్దాల పాటు నావా ఊళ్ళలో వీలునామాలు, భూమి తగాదాల పత్రాలు, సభల తీర్మానాలు నావాత్ల్‌లోనే రాసుకున్నారు. 2020 జనగణన ప్రకారం మెక్సికోలో ఆ భాష మాట్లాడేవారు 16 లక్షలకు పైగా ఉన్నారు.

నీటి విషయంలో వారసత్వం అంత బాగా నిలవలేదు. ముట్టడిలో దెబ్బతిన్న కట్టలను కొత్త పాలకులు సరిగా పట్టించుకోలేదు. కొండల మీది అడవి నరికివేతతో మట్టి కొట్టుకువచ్చి సరస్సులు పూడాయి. 1629లో వచ్చిన వరద నగరాన్ని దాదాపు ఐదేళ్ళు ముంచి ఉంచింది. నీటితో కలిసి బతికే పద్ధతిని వదిలి, 1607లో మొదలుపెట్టిన కాలువ పనులతో లోయను ఎండబెట్టడాన్నే వారు పరిష్కారంగా ఎంచుకున్నారు. ఇప్పుడు భూగర్భజలాన్ని తోడుతున్న కొద్దీ ఆ పాత సరస్సు మట్టి కుంగి, మెక్సికో నగరంలోని కొన్ని ప్రాంతాలు ఏడాదికి 40 సెంటీమీటర్లకు పైగా కిందికి దిగుతున్నాయి. 1987లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన సోచిమిల్కోలో మిగిలిన చినాంపాలపై కొన్ని కుటుంబాలు నేటికీ ఒండ్రు తోడి నారు పోస్తున్నాయి. వాటి కాలువలకు ఊటనీరు ఆగిపోవడంతో, 20వ శతాబ్దం నుంచి నగరపు మురుగును శుద్ధిచేసి ఆ కాలువల్లోకి వదులుతున్నారు.